సీటు మీది దస్తీ

కరీంనగర్ నుంచి సిరిసిల్ల బస్సులో ఒక కంప్యూటర్ నేర్పే మేడం దారంతా నిలబడి వచ్చిందని చాలామందికి చెప్పాను. ఎందుకు నిలబడిందో ఎవరికీ చెప్పలేదు.

సీటు ఆపుకోవడానికి ఆమె కిటికీలోంచి తన దస్తీ, పెద్ద చేతిరుమాలు, వేసింది. నేను దాన్ని కిందికి తోసి కూర్చున్నాను. ఆమె ఎక్కి, సీటు చూసి, నా పక్కనే నిలబడింది. చేతుల్లో ఒక అట్టపెట్టె ఉంది.

"ఏమున్నయమ్మా అందుల, గుడ్లా?" అన్నాడు కండక్టర్.

"ఫ్లాపీలన్నా. కంప్యూటర్ల గీసిన చీర అంచులు. మా నేత సంఘం పెద్దమనుషులకు ఇయ్యాల చూపియ్యాలె. నచ్చితే సంఘం ఇంట్ల ఆడివిల్లలకు నేర్పనిస్తరు."

"నచ్చకపోతే?"

"నౌకరి బంద్ చేసి ఇంట్ల కూసోమంటరు."

వేములవాడలో జనం ఎగబడ్డారు. పెట్టె నా సీటు కమ్మీకి ఒత్తుకుని నలిగింది. ఆమె తెరిచి చూసింది. ఫ్లాపీలు మధ్యకు మడతపడ్డాయి.

"ఇంకో జత ఉన్నదా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

సిరిసిల్లలో దిగేముందు నా వైపు వంగింది.

"జర కాలు తియ్యిండ్రి అన్నా. నా దస్తీ."

దాన్ని దులిపి, నలిగిన పెట్టె చుట్టూ కట్టి దిగిపోయింది.

ఇప్పటికీ బస్సులో కూర్చునే ముందు సీటు కింద చూసుకుంటాను.