మడత మార్చే మనిషి

మదనపల్లె బస్సులో చంద్రమోహన్ ఒళ్లో సంచి పెట్టుకుని, ఊరికే దాన్ని తడుముకుంటూ కూర్చుంటాడు. అందులో అతని కీబోర్డు ఉంటుంది. పుంగనూరు, కుప్పం ప్రెస్సుల్లో కరపత్రాలు టైపు చేసి బతికే అతనికి, తన చేత్తో తెలుగు అక్షరాలు రాసుకున్న మీటలైతే తప్ప వేళ్లు ఆడవు. పాతది బస్సు తొక్కిడిలో పగిలాక, దాని లోపలి ప్లాస్టిక్ పొరలనూ రబ్బరు బుడిపెలనూ ఊడదీసి, మెత్తటి రెగ్జిన్‌లో కుట్టి, బుడిపెల మీద అక్షరాలు మళ్లీ రాసుకున్నాడు. పట్టుచీరల కొట్టులో పనిచేసినవాడు గనుక రోజూ దాన్ని కొత్తచోట మడిచేవాడు. ఒకే మడత మీద ఉంచితే పట్టు చిట్లుతుంది మరి.

ఆ రోజు కుప్పం ప్రెస్సు యజమాని అంజనప్ప ముందే చెప్పాడు: “మధ్యాన్నానికి కరపత్రం కాకుంటే ఇంకొకర్ని పెట్టుకుంటానప్పా.” చంద్రమోహన్ టైపు మొదలుపెడితే తెర మీద సగం అక్షరాలు పడలేదు.

“యాలప్పా, ఏమైంది?”

“తెలీదన్నా. రోజూ మడత మార్చి బద్రంగానే పెడతాండాను.”

అంజనప్ప కుట్టు విప్పి, పొరను వెలుతురుకు పట్టాడు. మడత పడిన ప్రతిచోటా, కరెంటు పారే వెండిరంగు గీతలు తెగి ఉన్నాయి.

“సూడు! ఇది చీరనుకుంటివా? సాపలా చుట్టుకోవాల. రోజుకొక చోట నువ్వే తెంపినావు.”

ప్రెస్సు కీబోర్డు మీద చంద్రమోహన్ ఒక్కో అక్షరం వెతుక్కున్నాడు. మధ్యాహ్నం దాటినా సగమే అయింది. “ఇంక లెయ్యప్పా,” అన్నాడు అంజనప్ప.

అతను లేచి, పాడైన కీబోర్డును అటూ ఇటూ తిప్పి, ఇంకా మడత పడని చోటు చూసి, జాగ్రత్తగా అక్కడ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.