సోడాకొట్టు దారి బేరం

పద్నాలుగేళ్ల వయసులో నేను చేసిన బేరం లాంటిది మా నూజివీడు బజారులో ఇంకెవరూ చేసి ఉండరు. పది నిమిషాల దారి ఇచ్చేసి నలభై నిమిషాల దారి తెచ్చుకున్నాను. పైగా కొసరు కూడా నేనే ఇచ్చాను. ఆ సాయంత్రం ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

మాది కిరాణా కొట్టు. పక్కనే బాబాయి బట్టల కొట్టు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. నాయనమ్మ ఇంకా అణాల్లోనే లెక్క కట్టి, తేడా వచ్చినప్పుడల్లా ప్రభుత్వాన్ని తిట్టేది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, గాజులమ్మే అతనితో మొదలుపెట్టిన బేరం అతను వీధి మలుపు తిరిగేదాకా వదిలేదాన్ని కాదు.

హైస్కూలుకి వెళ్లే దారిలో ఒక సోడా కొట్టు, దాని ముందు ఒక బెంచీ, బెంచీ మీద కొట్టాయన బావమరిది. వచ్చే పోయే ఆడపిల్లల మీద మాటలు విసరడం తప్ప అతనికి వేరే ఉద్యోగం లేదు. ఏప్రిల్ నెల. పరీక్షలు రెండు వారాల్లోకి వచ్చాయి. ఒకరోజు నేను దాటి వెళ్తుంటే నా జడ పట్టుకుని లాగాడు. పుస్తకాలన్నీ కిందపడ్డాయి. ఏరుకుని, ఏడుపు ఆపుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను.

వెంటనే విచారణ మొదలైంది. నన్నే.

"ఆ దారినే ఎందుకెళ్లావే?" అంది నాయనమ్మ.

"స్కూలు అటే ఉంది."

"నవ్వావా?"

"బోర్డు మీద 'చల్లని సోడా' అనబోయి 'చెల్లని సోడా' అని రాశారు. అది చదివి నవ్వాను."

"బోర్డులు చదవడానికా నిన్ను బడికి పంపుతోంది!"

బాబాయి నా తల వంక చూశాడు. "కనకాంబరాలు గదమ్మా, ఆ రంగు దూరానికి కొట్టొచ్చినట్టు కనపడుద్ది" అన్నాడు, చీర మడత విప్పి చూపిస్తున్నట్టు.

నాన్న మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు. "చదివింది చాల్లే. పరీక్షలూ వద్దు, ఏమీ వద్దు."

జడ లాగినవాడి గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నాకూ తట్టలేదు. పరీక్షలు పోతాయన్న భయంతో బేరానికి దిగాను. మామిడి తోటల వెనక గట్టు మీంచి చుట్టు తిరిగి వెళ్తానన్నాను. నాన్న మెత్తబడ్డాడు. పూలు మానేస్తానన్నాను. బాబాయి తలూపాడు. "మరి నవ్వు?" అంది నాయనమ్మ. "అది కొసరు కింద తీసుకో" అన్నాను. పరీక్షలు నిలబడ్డాయి.

నిజం చెప్పాలంటే గట్టుదారి బాగుండేది. పొద్దున్నే తోటంతా మామిడి జీడి వాసన. రాలిన పచ్చికాయ ఏరుకుని, కొట్లోంచి కాగితంలో పొట్లం కట్టుకొచ్చిన ఉప్పూ కారం అద్దుకుని తింటూ వెళ్లేదాన్ని. చదువు కన్నా కాయలే ఎక్కువ తలకెక్కాయి.

అయిదో రోజున ఆవకాయ కాయలు కోస్తున్న ఆడవాళ్లు ఎదురయ్యారు. వాళ్లలో పెద్దావిడ నెత్తి మీద బుట్టతో ఆగిపోయింది.

"కిరాణా కొట్టాయన గారమ్మాయి గదండీ! ఇటేంటండీ?"

నేను మంచి బేరం కథ చెప్పినట్టు మొత్తం చెప్పాను. విని, బుట్ట దించి గట్టు మీద పెట్టింది.

"తవరు దారి ఇచ్చారు. పూలు ఇచ్చారు. నవ్వు ఇచ్చారు. మరి వాడేం ఇచ్చాడండీ?"

గాజులతన్ని ముప్పుతిప్పలు పెట్టినదాన్ని, ఎదుటివాడు ఏమిస్తున్నాడో అడక్కుండానే బేరం ముగించాను! కోతలాపి అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అలా కొసరు రద్దయింది.

"జాగ్రత్త వద్దనట్లేదండీ" అంది ఆవిడ, బుట్ట మీద గడ్డి సర్దుతూ. "కోతులొస్తాయని కాయల మీద గడ్డి కప్పుతాం. కప్పుతూ కోతిని తిడతాం. కాయని తిట్టం గదా."

నన్ను కాయని చెయ్యడం నచ్చలేదు గానీ లెక్క మాత్రం సరిగ్గానే ఉంది.

ఆ సాయంత్రం కొట్టు నిండా జనం. నాన్న కందిపప్పు తూస్తున్నాడు.

"నాన్నా, మొన్న ఎవడో బెల్లం దిమ్మె ఎత్తుకుపోతే వాడి వెంట బజారు చివరిదాకా పరిగెత్తావు. బెల్లం బయటెందుకు పెట్టావని నిన్నెవరైనా అడిగారా?"

"బెల్లం పళ్లికిలించలేదు గదే!" అంది లోపల్నించి నాయనమ్మ. కొట్టంతా గొల్లుమంది.

నాన్న నవ్వలేదు. తక్కెడ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పప్పు కొనేవాళ్లు సణిగారు.

మర్నాడు పొద్దున్న నాతోపాటు సోడా కొట్టుకి వచ్చాడు. వాళ్ల కలర్‌సోడా పాకానికి పంచదార మా కొట్టునించే వెళ్లేది.

"ఆ బెంచీ లోపలికి తీసేదాకా పంచదార లేదండీ."

"బెంచీ ఏం చేసిందండీ పాపం?"

"మా అమ్మాయేం చేసిందండీ?"

బావమరిదిని ఏమన్నా అంటే ఇంట్లో ఆవిడ అన్నం పెట్టదన్నాడు సోడా కొట్టాయన. "సోడాలు తాగి బతకండి, చెల్లనివే అయినా" అన్నాడు నాన్న. మధ్యాహ్నానికి బెంచీ లోపలికి వెళ్లింది. దాని మీది మనిషి పెరట్లో సీసాలు కడుగుతున్నాడు.

ఇక లెక్క. పోయినవి: అయిదు రోజుల చుట్టుదారి, గట్టు మీద తెగిపోయిన ఒక చెప్పు. వచ్చినవి: నా దారి, పరీక్షలు. అన్నిట్లోనూ పాసయ్యాను, కిరాణా కొట్టులో పెరిగిన నాకు లెక్కల్లోనే తక్కువ మార్కులు. జడ లాగినవాడు తప్పయిందని అనలేదు, కాబట్టి అది రాలేదనే రాస్తున్నాను. నాయనమ్మ రోజూ గుమ్మం దాకా వచ్చి "జాగ్రత్తే" అనేది, కానీ ఎందుకెళ్లావని మళ్లీ అడగలేదు. అదీ వచ్చిన వైపే.

ఇంకొకటి మిగిలింది. బెంచీ కదిలింది నా జడ కోసం కాదు, పంచదార కోసం. తోటలో ఆ పెద్దావిడకీ నా ఈడు కూతురు ఉంది, బుట్టలు మోసేది. దాని జడ ఎవడైనా పట్టుకుంటే ఆపడానికి వాళ్ల చేతిలో పంచదార లేదు. ఆ పిల్ల ఏ దారిన పనికి వెళ్తోందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.