ఫరసాన్‌లో ఏడు ఇంజన్లు

ఫరసాన్ దీవులు చూడాలని నేనెప్పుడూ అనుకోలేదు. నన్ను అక్కడికి తరిమింది నూర్జహాన్. ప్రొద్దుటూరులో మా వీధి, పదో తరగతి దాకా నా బెంచీ. ఆమె భర్త మహబూబ్ బాషా ఎర్ర సముద్రంలోని ఆ దీవిలో యాత్రికుల పడవ నడుపుతాడు. ఇంటికి వెళ్ళి ఆరేళ్ళయింది. ఈ ఏడాది రెండుసార్లు విమానం టికెట్టు తీసి, రెండుసార్లూ ఎక్కలేదు. మొదటిసారి జ్వరమన్నాడు. రెండోసారి కఫీల్, అంటే యజమాని, పంపడం లేదన్నాడు.

"మూడో టికెట్టు తీసిండాం సుజాతా. శుక్రవారం జెద్దా నుంచి. ఆ కఫీల్ కాళ్ళో వేళ్ళో పట్టుకోనన్నా పిల్చుకోని రా. ఆయేషా ఒకటో తరగతికి వచ్చె, వాళ్ళ అబ్బాను ఫోన్లో తప్ప చూసింది లేదు. ఈ తూరి గూడా రాకపోతే ఇంక ఆయన ఫోనే ఎత్తను" అని నూర్జహాన్ వాయిస్ మెసేజ్ పెట్టింది.

కాళ్ళు పట్టుకోవడం నావల్ల కాదు. నేను జెద్దాలో ఒక ఆసుపత్రి లాబ్‌లో పని చేస్తాను. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిని కూర్చోబెట్టుకుని, కఫీల్‌ను కడిగిపారేయడానికి అరబ్బీలో తొమ్మిది వాక్యాలు రాయించుకుని, తెలుగు లిపిలో దించుకుని బట్టీ పట్టాను. రెండు రోజులు సెలవు పెట్టాను.

బుధవారం పొద్దున 5.50 విమానంలో జెద్దా నుంచి బయలుదేరి 7.15కి జిజాన్‌లో దిగాను. టాక్సీ అతను పోర్టు అనగానే తల ఊపి చేపల మార్కెట్టుకు తీసుకెళ్ళాడు. మళ్ళీ తిప్పించి పోర్టుకు చేరేసరికి ఎనిమిది దాటింది.

ఫరసాన్‌కు ఓడ ఉచితం. వినడానికి ఎంత బాగుందో! తొమ్మిది గంటల ఓడకు ముందుగా సీటు పెట్టుకుందామంటే ఆన్‌లైన్‌లో వారం నుంచీ నిండిందనే చూపించింది. చేసేది లేక మధ్యాహ్నం మూడున్నర ఓడకు పెట్టుకున్నాను. ఇక ఏడు గంటలపాటు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి కాబోలని తిట్టుకుంటూ ఉంటే, పక్కన హైదరాబాద్ డ్రైవర్ ఒకాయన నవ్వాడు.

"మేడం, ఫుకట్ టికెట్ గదా. అందరు బుక్ జేసి పెట్టుకుంటరు, అండ్ల సగం మంది రారు. గేటు కాడ్నే నిలబడుండ్రి, పిలుస్తరు."

గేటు దగ్గర నిలబడ్డాను. అధికారి నా కాగితం చూసి "సాయంత్రం" అన్నాడు. పదినిమిషాల తర్వాత మళ్ళీ చూసి మళ్ళీ "సాయంత్రం" అన్నాడు. తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా "యల్లా, యల్లా" అంటూ నన్నే తొందరపెట్టాడు, ఆలస్యం నాదే అయినట్టు! సంచీ తనిఖీ చేయించుకుని, పరుగెత్తి, ఆయాసపడుతూ పైకెక్కి చూస్తే ఫామిలీ హాల్లో వరసకొకరు ఉన్నారు. వారం రోజులుగా నిండి ఉన్న ఓడ అది. నాకు ఒళ్ళు మండిపోయింది.

గంటా పది నిమిషాల ప్రయాణం. నడిసముద్రంలో ఫోన్ సిగ్నల్ ఉండదు. దీవి దగ్గరపడుతుంటే నీళ్ళు మాత్రం ఎంత కోపంలో ఉన్నా చూడాల్సినంత బాగున్నాయి. ఓడ కదిలేముందు ఫోన్ చేస్తే "రేవులోనే ఉంటా చెల్లీ" అని మాట ఇచ్చిన బాషా రేవులో లేడు. ఫోన్ ఎత్తడు. ఇరవై రియాళ్ళకు ఒక పికప్ మాట్లాడుకుని యాత్రికుల పడవలు కట్టే చోటికి వెళ్ళాను.

అక్కడ ఏడు పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. మూడోదాంట్లో బాషా ఒక చేత్తో ఇంజను పట్టుకుని, ఇంకో చేతిలోని గడియారం చూస్తున్నాడు.

"వచ్చినావా మ్మా? కూచో. ఇంకా నాలుగు ఉండాయి. ఒక్కోటి పది నిమిషాలే."

"నీ కోసం జెద్దా నుంచి వచ్చినానన్నా నేను!"

"నలభై నిమిషాల్లో వస్తాగా."

నలభై నిమిషాలు ఎండలో కూర్చున్నాను. ఇంజను పది నిమిషాలు తిప్పడం, మంచినీళ్ళతో కడగడం, మూత పెట్టడం, పక్క పడవలోకి దూకడం. ఏడోది ఎంత లాగినా అందుకోలేదు. తాడు లాగి, తిట్టి, బుజ్జగించి పదిహేనుసార్లకు స్టార్ట్ చేశాడు. ఆ రోజు యాత్రికులు మాట్లాడుకున్నది రెండు పడవలే. మిగతావి ఎందుకు తిప్పడం?

"కరోనాలో పట్టుకున్న అలవాటులే" అన్నాడు.

అప్పుడు ఓడలో యాత్రికులను రానివ్వలేదు. వాళ్ళే జీవనమైన దీవి అది. గెస్ట్‌హౌసులు మూతబడ్డాయి. ఊరివాళ్ళు కొందరు యాత్రికుల పడవల్లో సీట్లు ఊడబీకి వలలు వేసుకున్నారు. హోటల్లో వంటాయన చుట్టుపక్కల ఇళ్ళకు రొట్టెలు కాల్చాడు. ఏ ఇంట్లో చేప వండినా పనివాళ్ళ గదికి ఒక పళ్ళెం వచ్చేది. చాలామంది పడవలను ఒడ్డుకు లాగి వదిలేశారు. బాషా మాత్రం తన యజమాని పడవలు ఏడింటినీ రోజూ పొద్దున తిప్పాడు.

"మళ్ళా దీవి తెరిచినప్పుడు ఈ రేవులో ఫస్టు రోజు కదిలినవి మావే మ్మా. మిగిలినోళ్ళ ఇంజన్లు ఉప్పుకు పట్టేసినాయి" అన్నాడు. ఆ ముఖంలో గర్వం చూసి నేను తిట్టడం వాయిదా వేశాను.

మధ్యాహ్నం అతని కఫీల్ అబూ నాసర్ ఇంటికి వెళ్ళాం. డెబ్బై దాటిన మనిషి. గహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోసి ఖర్జూరం పళ్ళెం నా ముందుకు జరిపాడు. అది ముట్టకుండానే కాగితం తీసి నా తొమ్మిది వాక్యాలూ చదివేశాను. ఆరేళ్ళు ఒక మనిషిని ఇంటికి పంపకపోవడం న్యాయమా, మీకు పిల్లలు లేరా, దేవుడికి ఏం జవాబు చెబుతారు, అన్నీ.

నేను ఆగాక ముసలాయన ఫోన్ కళ్ళ దగ్గరగా పెట్టుకుని వెతికి, నాకు చూపించాడు. ఊరికి పోయి తిరిగి రావడానికి ఇచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ పర్మిట్లు. ఒకటి కాదు, మూడు. మూడింటిలోనూ బాషా పేరే.

"బేటీ, హమ్ తీన్ బార్ బోలా, జావ్" అన్నాడు, ఇండియా పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో. "వో నహీ జాతా."

మూడుసార్లు వెళ్ళమన్నాడట, ఇతనే పోలేదట. బాషా గుమ్మం వైపు చూస్తున్నాడు. కఫీల్ పంపలేదంటే మన ఊళ్ళో రెండో ప్రశ్న ఎవరూ వేయరు. నూర్జహాన్ నమ్మింది, నేనూ నమ్మాను, కాగితం కూడా రాసుకొచ్చాను. ఆ ఖర్జూరాలు నోట్లో పెట్టుకుని నమలలేక సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికి రాగానే దులిపేశాను. "అంత మంచాయన మీద అబద్ధం చెప్తావా? అసలు ఎందుకు పోవు నువ్వు?"

అతను నన్ను తన గదికి తీసుకెళ్ళాడు. రెండు మంచాలు. ఒకటి ఖాళీ. దాని కింద బూడిదరంగు బ్యాగు, జిప్పు తుప్పు పట్టింది.

"రషీద్‌ది. ఆదోని. ఏడో పడవ నడిపింది వాడే. రెండు నెల్ల లీవని పోయినాడు. రెండు వారాలకు విమానాలు బందు. పర్మిట్ పాయె, ఈడ ఉండేదానికి ఇచ్చే ఇఖామా పాయె. ఇప్పుడు ఆదోనిలో మిక్సీలు రిపేరు చేస్తాండాడు. నేను గూడా పోతే, మళ్ళా అట్ల మూసేస్తే? ఇల్లు దేంతో నడుస్తాది? బ్యాగు సర్దినప్పుడల్లా చేతులు ఆడవు మ్మా."

"దీవికి తాళం తీసి ఎన్నేళ్ళయిందన్నా? నీకే ఇంకా తియ్యలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. అని, నాకే ఏడుపొచ్చింది. కరోనా రోజుల్లో లాబ్ నుంచి గదికి వచ్చి, తలుపు గొళ్ళెం మూడుసార్లు చూసుకున్నదాన్ని నేను. ఇప్పటికీ చూసుకుంటాను.

రాత్రికి గెస్ట్‌హౌసులో బస. గదికి రెండు వందలు. ఏసీ నీళ్ళు సరిగ్గా దిండు మీదే పడతాయి. చేప అన్నం మాత్రం అమృతం. ముత్యాల వ్యాపారి పాత ఇంటి గోడల మీది చెక్కుడు పని తప్పక చూడమని అందరూ చెప్పారు. నేను వెళ్ళేసరికి మూసేశారు.

గురువారం పదిన్నర ఓడ. పదికి రేవులో బాషా కనిపిస్తే నమ్మలేకపోయాను. చేతుల్లో రెండు బ్యాగులు. రెండోది రషీద్‌ది.

"ఆదోనిలో దిగి ఇచ్చిపోతా" అన్నాడు.

అబూ నాసర్ కూడా వచ్చాడు. బాషా తాళాల గుత్తి ఇచ్చి, ఒక్కో ఇంజను గుణం ఆయనకు చెప్పడం మొదలుపెట్టాడు, ఆ పడవలు ఆయనవే అన్న సంగతి మరిచిపోయి. ముసలాయన అతని వీపు మీద తట్టి ఓడ వైపు నెట్టాడు.

ఈ ఓడ కూడా నిండిందన్నారు. ఈ ఓడ కూడా ఖాళీయే. దారి పొడుగునా బాషా గడియారం చూస్తూనే ఉన్నాడు. "ఇప్పుడు మూడోది తిప్పుతాంటాడు." కాసేపటికి, "ఇప్పుడు అయిదోది." నోరు మూసుకుని నిద్రపొమ్మన్నాను.

జిజాన్ దగ్గర సిగ్నల్ రాగానే బాషా ఫోన్ వరసగా మోగింది. ముసలాయన ఒక్కో ఇంజను శబ్దం రికార్డు చేసి పంపాడు. ఒకటి, రెండు... ఆరు. ఏడోది లేదు.

పోర్టు గేటు బయట బాషా రెండు బ్యాగులూ కింద పెట్టేశాడు. టాక్సీ అతను హారన్ కొడుతున్నాడు.

"అది ఆయనకు లొంగదు మ్మా. సాయంత్రం ఓడలో పోయి చూసి వస్తా."

"సాయంత్రం పోతే విమానం నీ కోసం ఆగుతుందా?"

"లేదులే, మళ్ళా నెల..."

"నెల అన్నావంటే చూడు!"

ఇరవై నిమిషాలు ఎండలో అలాగే నిలబడ్డాం. టాక్సీ వెళ్ళిపోయింది. విసుగంతా పోయి నాకు భయం పట్టుకుంది. నూర్జహాన్‌కు ఏం చెప్పాలి? అప్పుడు బాషా ఫోన్‌కు ఏడో రికార్డు వచ్చింది. ఇద్దరం తలలు ఆనించి విన్నాం. తాడు లాగిన చప్పుడు, దగ్గు, మళ్ళీ తాడు, ముసలాయన అరబ్బీ తిట్లు, మళ్ళీ దగ్గు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంజను అందుకుంది, ఆగకుండా మోగింది.

బాషా దాన్ని రెండోసారి పెట్టుకుని విన్నాడు. బ్యాగులు రెండూ భుజానికెత్తుకున్నాడు.

"నేను లేకపోయినా స్టార్టయితాది" అన్నాడు. "టాక్సీని పిలువు మ్మా."