సుధ ఫస్ట్ వచ్చిన పందెం

నిన్న స్కూల్ స్పోర్ట్స్ డేలో మా సుధ ఫస్ట్ వచ్చింది. ఎలా వచ్చిందో చెప్తాను గానీ, మీరు మాత్రం మా ఆయన చెవిన వెయ్యకండి.

మన దీవుల్లో సునామీ వచ్చి ఏడాది దాటింది కదా. అప్పట్నుంచీ ఈ పిల్ల స్కూల్ గేటు దగ్గర నా కొంగు వదిలేది కాదు. చదివేది మూడో క్లాసు. కాళ్ళ కింద నేల కదుల్తోందనేది. టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా ఇంటికి తెచ్చేది. ఆఖరికి వాళ్ళ పీటీ సార్ అన్నారు, "దీదీ, రోజూ పొద్దున్నే పరిగెత్తించండి. ఒంట్లో తాకత్ వస్తే భయం తగ్గుతుంది."

సరేనని డెలానీపూర్‌లో మా క్వార్టర్స్ చుట్టూ ఇద్దరం మొదలెట్టాం. నేను రెండు రౌండ్లకే రొప్పేదాన్ని. తను మాత్రం ఆరు నెలలు తిరిగేసరికి డబ్బా ఖాళీ చేసి తేవడం, క్లాసులో చెయ్యెత్తి జవాబు చెప్పడం దాకా వచ్చింది.

నిన్నటి పందెం తల్లీపిల్లలు జంటగా పరిగెత్తేది. "నువ్వొస్తేనే నేను" అంది. ఇదొక్కటీ గట్టెక్కితే పిల్లకి ఇంక బెంగ ఉండదని నా ఆశ.

గ్రౌండేమో లంబాలైన్‌లో, ఎయిర్‌పోర్ట్ పక్కన. గీత మీద నిలబడ్డాం. నాకు ఒక పక్క సుధ, ఇంకో పక్క విజిల్ నోట్లో పెట్టుకుని సార్. సరిగ్గా అప్పుడే ఫ్లైట్ దిగింది. అక్కడివాళ్ళకి అలవాటే. నాకు మాత్రం నేల దడదడలాడినట్టయింది. "భూకంపం! పైకి పదండి!" అని అరిచి, అందిన చెయ్యి పట్టుకుని పక్కనున్న గుట్ట మీదికి పరుగు లంకించుకున్నాను. ఈ ఏడాదిలో మన దగ్గర పరుగెందుకని ఆగి అడిగినవాళ్ళెవరు? మిగతా తల్లులూ పిల్లల్ని లాక్కుని నా వెనకే.

సగం ఎక్కాక అనుమానమొచ్చింది, ఈ పిల్ల ఇంత బరువెప్పుడెక్కిందా అని. తిరిగి చూస్తే సార్.

"నా కూతురేది సార్?" అని అరిచాను.

ఆయన రొప్పుతూ కిందికి చూపించారు. "వో దేఖియే దీదీ. మీరు లాగేసరికి నా నోట్లో విజిల్ మోగిపోయింది."

కింద సుధ ఒక్కర్తే పరిగెడుతోంది. పక్కన అమ్మ లేదు, ఎవరూ లేరు. మధ్యలో ఓసారి పడింది. లేచి, మోకాలు దులుపుకుని, నేరుగా రిబ్బన్ దాకా వెళ్ళిపోయింది.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. చప్పట్లు కొడదామంటే రెండో చెయ్యి ఖాళీ లేదు. సార్‌ని నేనింకా వదల్లేదు మరి.