బాపు టీవీలో కనిపించిన రోజు

మా ఊరు కొల్లాపూర్ అవతల, నల్లమల అంచున ఉంటుంది. ఎండాకాలంలో అడవి కాలడం మాకు కొత్తేమీ కాదు. రాలిన ఆకుల మీద మోకాలెత్తు మంట పెద్దగా చప్పుడు లేకుండా పాకుతూ వస్తుంది. అది చేనుగట్టు దాటిందంటే గడ్డివాములు, పశువుల కొట్టాలు బుగ్గే. పొగ కనిపించగానే ఆడా మగా పచ్చి కొమ్మలు విరుచుకుని పరుగెత్తుతారు. అందరికంటే ముందు మా బాపు ఉండేవాడు. కొమ్మ పైకెత్తి కొడితే నిప్పురవ్వలు లేస్తాయని, నేలకు అణిచి ఊడ్చినట్టు కొట్టాలని కొత్తవాళ్ళ మీద అరిచేవాడు కూడా.

ఆయనకు ఒక అలవాటుంది. ఏదీ నోటితో చెప్పి ఊరుకోడు, చేసి చూపిస్తాడు. తాడుకు ముడి ఎట్లా వెయ్యాలని ఎవరైనా అడిగితే తింటున్న కంచం పక్కకు పెట్టి లేచేవాడు. మా అమ్మ దానికి విసుక్కునేది.

ఒక ఏడాది సెలవులకు నేను నకిరేకల్‌లోని మా అత్తగారింటి నుంచి వచ్చాను. వచ్చిన కొద్దిరోజులకే ఊరి పక్కనున్న గుట్ట అంటుకుంది. ఊరంతా కలిసి ఆర్పేశారు. బాపు అరచేతులు బొబ్బలెక్కాయి. మరునాడు పొద్దున టీవీవాళ్ళు కారులో వచ్చారు. మంట ఆరిపోయిందని తెలిసి వాళ్ళ మొహాలు చిన్నబోయాయి.

అమ్మ వాళ్ళకు చాయ్ పోసింది. విలేకరి మర్యాదగానే మాట్లాడాడు. అసలు అడవికి నిప్పు ఎట్లా అంటుకుంటుందని బాపును అడిగాడు.

"ఇప్పపువ్వు ఏరేటోళ్లు కొందరు, రాలిన పువ్వు కనవడాల్నని చెట్టు కింద ఆకులు కాలవెడ్తరు సారు. ఆర్పకుండ పోతరు. అండ్లకెల్లి మంట లేస్తది," అన్నాడు బాపు.

అక్కడితో ఆగితే ఆయన మా బాపు ఎందుకవుతాడు? వాళ్ళను గుట్ట కిందికి తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్ళాను. అప్పటికే కాలి నల్లబడిన జాగా చూసుకుని, గుప్పెడు ఎండుటాకులు కుప్పవేసి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. "గిట్ల వెడ్తరు. జర గాలి రాంగనే గట్ల పోతది," అని చెయ్యి చాపి చూపించాడు. తర్వాత చెప్పుకాలితో తొక్కి ఆర్పేసి, బూడిద మీద మన్ను కూడా పోశాడు. కెమెరా అతను బాగా వచ్చిందన్నట్టు తల ఊపాడు.

అమ్మ సంబరం చెప్పనలవి కాదు. రామన్నపేటలోని మా మేనమామ మొదలు మా అత్త దాకా అందరికీ ఫోన్లు చేసింది. సాయంత్రం వార్తలకు ఇరుగుపొరుగు మా ఇంట్లోనే చేరారు. టీవీలోవాళ్ళు తనను చూస్తారన్నట్టు బాపు ఉతికిన అంగీ తొడుక్కుని కూర్చున్నాడు.

మొదట ఎక్కడిదో అడవి భగభగ మండుతూ కనిపించింది. అంత ఎత్తు చెట్లు మా వైపు లేనే లేవు. కింద మా ఊరి పేరు వేశారు. తర్వాత బాపు వచ్చాడు. గొంతుక్కూర్చుని అగ్గిపుల్ల గీస్తున్నాడు. ఆయన చేతి చుట్టూ ఎర్రటి గీత. ఆయన మాట వినిపించలేదు, ఏదో సంగీతం దడదడలాడుతోంది. అడవికి నిప్పు పెడుతూ కెమెరాకు చిక్కిన వ్యక్తి అని పెద్ద అక్షరాలు. తొక్కి ఆర్పింది రాలేదు. మళ్ళీ మళ్ళీ అదే చూపించారు, అగ్గిపుల్ల గీయడం, ఆకులు అంటుకోవడం. పక్కింటామె మెల్లగా లేచి వెళ్ళిపోయింది.

"గది నేనే కదా బిడ్డా," అన్నాడు బాపు. "మరి నా మాటేది?"

అప్పుడే మా అత్త ఫోన్ చేసింది. "మీ నాయిన గట్ల ఎందుకు చేసిండే?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా పెళ్ళినాటి నుంచి ఆయనను ఎరిగిన మనిషి!

మరునాడు అటవీశాఖ అధికారులు జీపులో వచ్చి బాపును తీసుకుపోయారు. ఊరివాళ్ళు వెంటపడి పోయి, మంట ఆర్పింది ఈయనేనని, చేతుల బొబ్బలు చూడమని చెప్పారు. వాళ్ళలో ఒక అధికారి బొబ్బలు చూసి, నిప్పు పెట్టేటప్పుడు కాలాయా అని అడిగాడట. చివరికి గట్టిగా హెచ్చరించి వదిలేశారు. నేను టీవీ ఆఫీసుకు ఫోన్ చేసి నిజం చెప్పబోతే, ఎత్తినామె ఆ వార్త అయిపోయిందండీ అని పెట్టేసింది. అయిపోవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాతి ఎండాకాలం గుట్ట మళ్ళీ అంటుకుంది. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను. మంట మా చేను వైపే పాకుతోంది. అందరూ కొమ్మలు పట్టుకుని ఉరికారు. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. బాపు గట్టు మీద నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. నేను వేపకొమ్మ విరిచి ఇవ్వబోతే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దు బిడ్డా. నిప్పు కాడ నా చెయ్యి కనవడొద్దు."

మా గడ్డివాము అంటుకుంది. ఆయన చేతులు విప్పలేదు.