పిలవకుండా వచ్చిన ఆరోగ్యమ్మవ్వ

రెంటచింతల ఎండ సంగతి ఆ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు... మా చిన్నప్పుడు మధ్యాహ్నమైతే నాపరాళ్లు పరిచిన మా వీధిలో కాలు పెట్టలేకపోయేవాళ్లం. ఆ ఎండలోనే అమ్మ నా చేతికి గిన్నె ఇచ్చేది. జొన్నన్నం, దాంట్లో ఇంత మజ్జిగ.

"ఆరోగ్యమ్మవ్వకు ఇచ్చిరా. తిన్నదాకా పక్కనే కూర్చో" అనేది.

అవ్వ మాకు చుట్టం కాదు. ఎదురు వరసలో చివరి ఇల్లు ఆవిడది. మొగుడు, ఇద్దరు బిడ్డలూ నేను పుట్టక ముందే పోయారు. ఒకప్పుడు మా క్రైస్తవుల గుడిలో పాట ఎత్తుకునేది ఆవిడేనట. ఊళ్లో ఎవరు పోయినా ముందుగా వెళ్లి, జపమాల చెప్పించి, ఆ ఇంట్లోవాళ్లు నాలుగు మెతుకులు తినేదాకా కదిలేది కాదట...

నాకు ఊహ తెలిసేనాటికి అవేమీ లేవు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మూతి వంకర పోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. గుడికి రావడం మానేసింది.

ఎందుకు రావంటే, సిలువ గుర్తు వేసుకోవడానికి చెయ్యి లేవట్లేదంది.

"ఎడం చేత్తో వేసుకోవచ్చుగా అవ్వా?"

"ఎడం చేత్తో దేవుడికి దండం ఏందే..." అని గోడవైపు తిరిగింది.

ఫాదర్ గారు సత్ప్రసాదం తెచ్చిన రోజున కూడా అలాగే తిరిగి పడుకుంది. "అందర్నీ తీసకపోయి నన్నొక్కదాన్నే ఎందుకు ఉంచాడో, ముందు అది అడిగి రాండి" అందట.

నేను ఖాళీ గిన్నె తీసుకుని లేస్తుంటే, "అప్పుడే పోతన్నావా ఏమే?" అనేది.

ఆ ఏడు తొలకరికి ముందు మా తమ్ముడికి కోరింత దగ్గు పట్టుకుంది. వాడి పేరు శౌరి. అప్పుడప్పుడే గోడలు పట్టుకుని నడుస్తున్నాడు. నాన్న బస్సులో మాచర్ల తీసుకెళ్లాడు, మందులు తెచ్చాడు... వాడు దక్కలేదు.

మట్టి చేసి వచ్చాక అమ్మ ఏడవలేదు. ఉయ్యాల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం లేదు, మాట లేదు. నేను ఒళ్లో చేరబోతే, ఎవరి పిల్లనో చూసినట్టు చూసింది. ఆ చూపుకు భయమేసి మేనత్త వెనక్కి పోయి నిలబడ్డాను. అంత ఇంట్లో, అంతమంది మధ్య, నాకు ఎవరూ లేరనిపించింది...

వచ్చినవాళ్లు దేవుడి చిత్తం అన్నారు. చిన్నదానివే, మళ్లీ పుడతారులే అన్నారు. ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వీధిలో రాళ్లమీద ఏదో ఈడుస్తున్న చప్పుడు. తొంగి చూస్తే ఆరోగ్యమ్మవ్వ! ఏడాదికి పైగా గడప దాటని మనిషి, గోడలు పట్టుకుని, పడిపోయిన కాలు ఈడ్చుకుంటూ, చెప్పుల్లేకుండా ఆ ఎండలో వస్తోంది.

"అయ్యో, ఈమెకు అన్నం పంపటం మరిచేపోయాం. ఆకలికి ఆగలేక వచ్చినట్టుంది" అంటూ అత్త లేచింది.

అవ్వ తల అడ్డంగా ఊపింది. వచ్చి అమ్మ పక్కన కూలబడింది. ఆయాసం తీరాక, ఎడం చెయ్యి ఎత్తి అమ్మ నుదుట సిలువ గుర్తు వేసింది. అది కాస్త వంకరగా పడింది.

ఏదో అంది. ఎవరికీ అర్థం కాలేదు. రోజూ వినేదాన్ని కాబట్టి నాకు అర్థమైంది.

"లేస్తాడంట అమ్మా... తమ్ముడు లేస్తాడంట" అన్నాను.

అమ్మ తల తిప్పింది. "ఎప్పుడవ్వా?" అంది. వాడు పోయాక అదే మొదటి మాట.

"నా బిడ్డలు లేచిన్నాడే... ఆ కడపటి రోజున, సమాధుల్లోంచి అందరూ ఒక్కసారే."

అమ్మ ఆవిడ ఒళ్లో పడి వీధంతా వినపడేలా ఏడ్చింది. అవ్వా ఏడ్చింది. తర్వాత అత్త కలిపిన ముద్దలు ఇద్దరూ తిన్నారు. అప్పుడు అమ్మ నన్ను దగ్గరకు లాక్కుంది...

ఆ ఆదివారం అవ్వ అమ్మ భుజం పట్టుకుని గుడికి వచ్చింది. పిల్లలు నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. ఎడం చేత్తోనే సిలువ గుర్తు వేసుకుంది. పాట ఎత్తుకోలేదు గానీ, అందరి వెనకాల ఆ ముద్దమాటలతోనే పాడింది.

అవ్వ బాగుపడిందని చెప్పడం లేదు. తర్వాతి ఏడు చూపు పోయింది. ఆపైన మంచమే. ఒకరోజు తల దువ్వుతూ అమ్మ అడిగింది, "భయంగా ఉందా అవ్వా?" అని.

"భయమేందే. ఈ ఒళ్లు కూలే కొంపేగా, కూలనీయ్. లోపల మాత్రం... తెల్లారి కళ్లాపి చల్లిన వాకిలి లాగుంది" అంది.

పాస్కా పండుగ, అదే ఈస్టర్, ఇంకా రాకముందే, ఒక ఉదయం అవ్వ అమ్మ చెయ్యి పట్టుకునే పోయింది. అప్పట్నుంచి మా ఊళ్లో ఏ ఇంట్లో ఎవరు పోయినా, పిలవకుండా వెళ్లి కూర్చునే మనిషి మా అమ్మే అయింది.

ఇప్పుడు అమ్మా లేదు... నరసరావుపేటలో ఈ మూడో అంతస్తులో నేనొక్కదాన్నే. డెబ్బై దాటాయి. మోకాళ్లు మెట్లు దిగనివ్వవు, ఆదివారం పూజ ఫోన్లోనే చూస్తాను. ముందుగా ఫోన్ చేయకుండా ఎవరూ రారు. మొన్న కింది వాటాలో ఒకాయన పోతే, వాట్సాప్‌లో అందరం దండం బొమ్మలు పెట్టాం... ఆయన భార్య పక్కన ఎవరు కూర్చున్నారో తెలియదు.

మీ ఇంటి కష్టానికి అలా పిలవకుండా వచ్చి కూర్చున్నవాళ్లు ఉంటే, వాళ్ల పేరొక్కటి కింద రాయండి... ఈ ఆదివారం పూజలో ఒక్కొక్కరినీ పేరుపేరునా తలచుకుంటాను.