గడ్డి నంబరు తంగేడుకు

“ఆ చీటీ ఎందుకు పీకినావవ్వా?”

“పీకితే ఏమాయెనే? గడ్డిని పురుగులు తినేసినాయి. వట్టి అట్టకు అంత మంచి చీటీ దండగ కాదా?”

“దండగా? కొంప ముంచినావు!”

మూడో తరగతితో బడి మానేసిన నేను ఇంటర్నెట్టునే తారుమారు చేశానంటే నమ్ముతారా? అదీ అన్నం ఆవిరితో!

నా మనవరాలు సునీత హిందూపురం కాలేజీలో ఎండిన మొక్కలను అట్టలకు అంటించి భద్రపరుస్తుంది. ఒక్కో అట్టకు ఒక్కో నంబరు చీటీ. దానికి ఫోను చూపిస్తే ఆ మొక్క ఏదో, ఎక్కడిదో, ఎవరు తెచ్చారో చెప్పే పేజీ తెరుచుకుంటుంది. సెలవుల్లో కొన్ని అట్టలు ఇంటికి తెచ్చింది. అందులో ఒకటి, మా ఆయన గొర్రెలు మేపుతూ పెనుకొండ కొండ మీద నుంచి తెచ్చిన గడ్డి. ఆయన పోయి ఏడాది దాటింది. గడ్డీ పొడైపోయింది. అరిగిన సబ్బు ముక్కలను అతికించి వాడే మనిషిని, ఊరుకుంటానా? ఉడికే అన్నం ఆవిరికి చీటీ ఊడదీసి, ఇంకా చీటీ వేయని తంగేడు అట్టకు అంటించాను. పొడిని ఊడ్చేశాను.

సునీత ఫోను చూపించింది. పెళ్లిపీటల మీద వరుడికి బదులు పురోహితుడు కూర్చున్నట్టు, తంగేడు పూలకు గడ్డి పేజీ తెరుచుకుంది.

“మొక్క పోయినా నంబరు ఉండాలవ్వా. ఎన్నేండ్లకు ఎవరు చూసినా తాత తెచ్చిన గడ్డే రావాల.”

“పోయినదానికి నంబరెందుకే? మీ తాత చొక్కాలు పాలాయనకు ఇయ్యలేదా నేను? ఆయన ఫోనుకు రీచార్జి దుడ్లు ఏసేది మానుకోలేదా?”

“అయితే తాత నంబరుకు ఒకసారి చేసి చూడు.”

రోషంగా నొక్కాను. నాకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే.

“ధర్మవరం చీరలంగడమ్మా. ఏం కావాల?” ఎవరిదో పడుచు గొంతు.

“ఆయన... లేడా?” అనేశాను.

“ఏ ఆయనమ్మా?”

సునీత నా చేతిలోంచి ఫోను తీసుకుంది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఇద్దరం లేవలేదు.

అప్పుడే అన్నం గిన్నె మీద ఒట్టేశాను: సబ్బు, చీపురు, చిరిగిన చీర, దేన్నయినా రెండోసారి వాడతాను. ఒకరి నంబరు మాత్రం చచ్చినా ఇంకొకరికి అంటించను.

మర్నాడు పొద్దున సునీత తంగేడుకు కొత్త చీటీ వేసింది. పాతది ఖాళీ అట్టకే అంటించి, పేజీలో “నమూనా నాశనమైంది” అని చేర్చింది. తెచ్చినవారి చోట మా ఆయన పేరు అలాగే ఉంది. ఊడ్చినవారి పేరు రాయలేదు.